ద్వారపండితుల ప్రశ్న

క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో భారతదేశాన్ని దర్శించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ నలందా మహావిహారంలో కొన్నేళ్లపాటు విద్యాభ్యాసం చేశాడు. ఆయన యాత్రావృత్తాంతంలో ఆసక్తికరమైన విషయం ఒకటి కనిపిస్తుంది. దూరదేశాల నుంచి శాస్త్రచర్చలో పాల్గొనాలనే కోరికతో వచ్చిన వారిని నలందా ద్వారం దగ్గరే నిలిపి కఠినమైన ప్రశ్నలు వేసేవారట. వాటికి తట్టుకోలేక పదిమందిలో ఏడెనిమిది మంది అక్కడి నుంచే వెనుదిరిగేవారట. అలా ప్రశ్నించే విద్వాంసులు ద్వారపండితులుగా ప్రసిద్ధులయ్యారు.

పదమూడు శతాబ్దాలు గడిచాయి. నలందా శిథిలమైంది. అయినా ద్వారపండితులు అంతరించలేదు. విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నతవిద్య అభ్యసించదలచిన నేటి తెలుగు విద్యార్థికి వారు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ, ఐ.ఐ.టి.లలోనూ, అమెరికాలోని ఎం.ఐ.టి., స్టాన్‌ఫర్డ్, బర్కిలీ వంటి విద్యాలయాలలోనూ ఎదురవుతారు. కొన్నిచోట్ల ముఖాముఖి ప్రశ్నిస్తారు. మరికొన్నిచోట్ల కనిపించకుండానే, విద్యార్థి పంపిన కాగితాలను చదువుతూ ప్రశ్నిస్తారు. మన విద్యార్థికి చిక్కు వచ్చేది ఇక్కడే. పదవ తరగతి మార్కులు, ఇంటర్మీడియట్ మార్కులు, ఈఏపీసెట్‌గా పేరు మారిన ఎంసెట్‌లో ర్యాంకు – ఇలా అంకెల మెట్లమీదుగా ఎదిగినవాడు పై చదువుల తలుపు కూడా ఒక అంకెతోనే తెరుచుకుంటుందని భావిస్తాడు. ఆ భావన కొంతవరకే నిజం.

విద్యుత్ ఇంజనీరింగు శాస్త్రంగా రూపొందిన తీరును స్థూలంగా తెలుసుకోవడం అవసరం. ఎం.ఐ.టి.లో ఇది 1882లో భౌతికశాస్త్ర విభాగంలో ఒక పాఠ్యక్రమంగా మొదలై, 1902లో ప్రత్యేక విభాగమైంది. మన దేశంలో 1909లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన సంస్థ 1911లో తొలి విద్యార్థులను చేర్చుకున్నప్పుడు, ఆనాటి కొద్దిపాటి విభాగాలలో విద్యుత్ సాంకేతిక విభాగం ఒకటి. ఆ రోజులలో ఈ శాస్త్రమంటే డైనమోలు, మోటార్లు, తంతితీగలు. నేడు దాని పరిధిలో విద్యుత్ గ్రిడ్ ఉంది, సెల్‌ఫోను సంకేతం ఉంది, గోటికన్నా చిన్నదైన సిలికాన్ పలక ఉంది, గుండె లయను కొలిచే పరికరం ఉంది. ఇంత విస్తృతమైన శాస్త్రంలో 'పై చదువు' అనే మాటకు ఒకే అర్థం ఉండదు. ఏ శాఖలో, ఏ ప్రశ్నపై చదవాలన్నది తేల్చుకోకుండా 'అగ్రశ్రేణి విశ్వవిద్యాలయం' అంటూ బయలుదేరడం, ఊరిపేరు తెలియకుండా బస్సెక్కడం వంటిదే.

మొదట మన దేశంలోని మార్గం. ఎం.టెక్. చదువులకు గేట్ పరీక్ష ప్రధాన ద్వారం. భారతీయ విజ్ఞాన సంస్థ, ఏడు ఐ.ఐ.టి.లు వంతులవారీగా దీనిని నిర్వహిస్తాయి. మూడు గంటల కాలం, 65 ప్రశ్నలు, 100 మార్కులు. వచ్చిన స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుంది. ఎలక్ట్రికల్‌కు ఒక ప్రశ్నపత్రం, ఎలక్ట్రానిక్స్‌కు వేరొక ప్రశ్నపత్రం ఉంటాయి. తెలుగు విద్యార్థులు ఈ పరీక్షలో వెనుకబడినవారు కారు. 2008లో ఏర్పడిన హైదరాబాదు ఐ.ఐ.టి., 2015లో ఏర్పడిన తిరుపతి ఐ.ఐ.టి. వారికి చేరువలోనే ఉన్నాయి. అయితే పరిశోధన ప్రధానమైన చదువులకు, అంటే పిహెచ్.డి.కిగాని, పరిశోధనాత్మకమైన మాస్టర్స్ పట్టానికిగాని, స్కోరు పిలుపును మాత్రమే తెస్తుంది. ఆ తరువాత మౌఖిక పరీక్ష ఉంటుంది. నలుగురైదుగురు ఆచార్యులు కూర్చుని ఉంటారు. విద్యార్థి చేతికి సుద్దముక్క ఇస్తారు.

అక్కడ అడిగే ప్రశ్నలు భయంకరమైనవని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి చాలావరకు సులభంగా కనిపిస్తాయి. వాటి కాఠిన్యం ఆ సులభత్వంలోనే దాగి ఉంటుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారికి తెలిసిన ఉదాహరణను తీసుకుందాం. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 10 వోల్టుల వరకు ఆవేశపరిచారు. దానిలో నిలవ ఉన్న శక్తి 5 మిల్లీజౌళ్లు. దానిని ఆవేశం లేని అటువంటి మరొక కెపాసిటర్‌తో తీగల ద్వారా కలిపారు. ఆవేశం రెండింటికీ సమానంగా పంచుకోబడుతుంది. ఒక్కొక్కదాని మీద 5 వోల్టులు ఉంటాయి. మొత్తం శక్తిని లెక్కిస్తే రెండున్నర మిల్లీజౌళ్లే తేలుతుంది. ఆవేశం ఎక్కడికీ పోలేదు. మరి శక్తిలో సగం ఏమైంది?

సూత్రాలను వల్లించి వచ్చిన విద్యార్థి 'తీగ నిరోధంలో వేడిగా వ్యయమైంది' అంటాడు. సమాధానం సరైనదే. ఆచార్యులు అంతటితో వదలరు. 'నిరోధాన్ని సగానికి తగ్గిస్తే నష్టం కూడా సగమవుతుందా?' అని అడుగుతారు. కాదు. నిరోధం ఎంత ఉన్నా నష్టపోయేది సరిగ్గా సగమే. నిరోధం తగ్గితే ఆ నష్టం మరింత వేగంగా జరుగుతుంది, అంతే తేడా. 'అయితే నిరోధమే లేదనుకో, అప్పుడు?' అనేది తరువాతి ప్రశ్న. పుస్తకంలో గీసిన వలయం ఇక్కడ చాలదు. ఏ తీగకైనా కొంత ప్రేరకత్వం ఉంటుందనీ, అందువల్ల ఆవేశం ఒక కెపాసిటర్ నుంచి మరొకదానికి ఉయ్యాలలాగా ఊగుతుందనీ, ఊగే ఆవేశం విద్యుదయస్కాంత తరంగాలను వెలువరిస్తుందనీ విద్యార్థి తనంతట తాను ఊహించగలగాలి. అన్నీ చెప్పలేకపోయినా ఫరవాలేదు. 'ఈ వలయంలో మనం ఏదో విస్మరించాం' అని గుర్తించి, అదేమిటో వెదకడం మొదలుపెట్టినా ఆచార్యుల ముఖాలు విప్పారుతాయి. వారు చూసేది సమాధానం కోసం కాదు. తెలిసిన దారి ముగిసిన చోట ఈ విద్యార్థి ఏం చేస్తాడన్నదే వారికి కావాలి. తెలియని చోట 'తెలియదు' అని చెప్పి ఆలోచించేవానికి చోటు దొరుకుతుంది. తెలిసినట్లు నటించేవానికి దొరకదు.

ఇక విదేశాల మార్గం. అమెరికా చదువుల విషయంలో మన ఇళ్లలో ఎం.ఎస్., పిహెచ్.డి. అనే రెండు మాటలూ ఒకే అర్థంలో వాడుకలో ఉన్నాయి. వాటి మధ్య భేదాన్ని తెలియకపోవడం వల్ల కుటుంబాలు భారీగా నష్టపోతున్నాయి. ఎం.ఎస్. ప్రధానంగా తరగతి పాఠాలతో సాగే ఒకటిన్నర, రెండేళ్ల చదువు. ఎక్కువమంది తమ ఖర్చుతోనే చదువుకోవాలి. బ్యాంకు ఋణమో, తండ్రి తాకట్టు పెట్టిన పొలమో ఆ ఖర్చును భరిస్తుంది. పిహెచ్.డి. ఐదారేళ్ల పరిశోధన. అందులో చేరినవారికి విశ్వవిద్యాలయమే ఫీజు చెల్లించి, జీవనభృతిని కూడా ఇవ్వడం పేరుగాంచిన విద్యాలయాల సంప్రదాయం. దానికి బదులుగా విద్యార్థి పరిశోధనలోనో, బోధనలోనో సహాయకుడిగా పనిచేస్తాడు. ఎం.ఐ.టి. విద్యుత్, కంప్యూటర్ విభాగం బయటివారిని ఎం.ఎస్. కోసమని విడిగా చేర్చుకోదు. డాక్టరేటు ఆశయంతో వచ్చినవారినే ఎంపిక చేసుకుంటుంది, మాస్టర్స్ పట్టం దారిలో లభిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎం.ఎస్.కు, పిహెచ్.డి.కి వేర్వేరు ఎంపికలు జరుగుతాయి. ఈ చిన్న సమాచారం ముందే తెలిసి ఉంటే, పరిశోధనాభిలాష గల నిరుపేద విద్యార్థి 'మనకు స్తోమత లేదు' అని నిట్టూర్చి ఆగిపోడు. స్తోమత చాలని ఇంట్లోనే ఈ భేదం మొదట తెలియవలసి ఉంది.

దరఖాస్తులో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి. మార్కుల పట్టిక, పరీక్షల స్కోర్లు, విద్యార్థి స్వయంగా రాసే 'స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్' అనే ఉద్దేశపత్రం, సాధారణంగా మూడు సిఫారసు లేఖలు. పరీక్షల గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. ఒకప్పుడు జి.ఆర్.ఇ. కోసం వేలాది ఆంగ్లపదాలను బట్టీ వేసినవారున్నారు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష నిడివి రెండు గంటలలోపుకు తగ్గింది. ఎం.ఐ.టి. విద్యుత్ విభాగం అసలు ఆ స్కోరునే అడగదు. ఆంగ్లభాషా పరీక్షను చాలా విద్యాలయాలు కోరుతాయి. మార్కుల పట్టికలో కూడా మొత్తం శాతం కన్నా గణితం, సిగ్నళ్లు, విద్యుదయస్కాంత సిద్ధాంతం వంటి మూలవిషయాలలో విద్యార్థి ఎలా రాణించాడన్నది నిశితంగా చూస్తారు.

అసలు కథ మిగిలిన రెండింటిలో ఉంది.

ఉద్దేశపత్రం అంటే ఆత్మస్తుతి కాదు. 'చిన్ననాటి నుంచి నాకు విద్యుత్తు అంటే అమితమైన ఆసక్తి' అని మొదలయ్యే పత్రాలు ప్రతి సంవత్సరం ఆచార్యుల ముందు గుట్టలుగా పడుతుంటాయి. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కాని సమాచారం కూడా లేదు. దీనికి భిన్నమైన పత్రం ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం. మెట్టప్రాంతపు పల్లెలో పుట్టిన ఒక విద్యార్థి వేసవి రాగానే వ్యవసాయ మోటార్లు వరుసగా కాలిపోవడం చూశాడు. రైతులు 'ఓల్టేజీ లేదు' అంటారు. ఓల్టేజీ తక్కువైతే మోటారు నెమ్మదిగా తిరగాలిగాని కాలిపోవడమెందుకు? ఇంజనీరింగులో చేరిన తరువాత అతనికి సగం సమాధానం దొరికింది. ఇండక్షన్ మోటారు ఇవ్వగల టార్క్ వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 415 వోల్టులు అందవలసిన చోట 332 వోల్టులు అందితే వోల్టేజీ 80 శాతం, టార్క్ సామర్థ్యం 64 శాతం మాత్రమే. బావిలోని నీటి బరువు మాత్రం తగ్గదు. ఆ భారాన్ని మోయడానికి మోటారు ఎక్కువ విద్యుత్ ప్రవాహాన్ని లాగుతుంది. ప్రవాహం నాలుగో వంతు పెరిగితే తీగచుట్టలలో పుట్టే వేడి సగానికి పైగా పెరుగుతుంది. బంధకం మాడిపోతుంది. పొడవైన తక్కువ వోల్టేజీ లైన్లకు బదులు పదకొండు వేల వోల్టుల లైనును పొలాల దాకా తీసుకువెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అమర్చే పద్ధతి మన రాష్ట్రాలలో వచ్చింది ఈ ఇబ్బందిని తగ్గించడానికే.

ఆ విద్యార్థి ఇక్కడితో ఆగలేదనుకుందాం. మూడవ సంవత్సరంలో రెండు పొలాల దగ్గర నెలరోజులపాటు వోల్టేజీని నమోదు చేశాడు. పగటిపూట సౌరవిద్యుత్తు లైనులోకి చేరినప్పుడు తాను ఊహించిన దానికి విరుద్ధంగా అంకెలు కనిపించాయి. కారణం పూర్తిగా తేలలేదు. ఈ సంగతినంతా రెండు పుటలలో, తన పొరపాట్లతో సహా రాసి, 'ఈ విషయంపై మీ దగ్గర పనిచేస్తున్న ఫలానా బృందంతో కలిసి పనిచేయాలని ఉంది' అని ముగించాడు. ఇటువంటి పత్రాన్ని చదివే ఆచార్యుడు తన ఎదుట ఒక సహాధ్యాయి నిలిచినట్లు భావిస్తాడు. కాలేజీ పేరు ఆయన ఎన్నడూ విని ఉండకపోవచ్చు. అయినా చదవడం ఆపడు.

మన ప్రాచీన వాఙ్మయంలో దీనికి సాదృశ్యం ఉంది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతపట్టుకుని పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఒక సంవత్సరం తన దగ్గర నియమంతో ఉండి, ఆపైన అడగదలచినవి అడగమనీ, తెలిస్తే చెబుతామనీ ఆయన అంటాడు. ఆరుగురూ ఆరు వేర్వేరు ప్రశ్నలు అడుగుతారు. ఆ ఉపనిషత్తుకు పేరు వచ్చింది సమాధానాల వల్ల కాదు, ప్రశ్నల వల్ల. 'తెలిస్తే చెబుతాం' అన్న గురువు వినయం కూడా గమనింపదగినది. పరిశోధనలో గురువుకు సైతం సమాధానం ముందుగా తెలియదు.

ఈ సందర్భంలో క్లాడ్ షానన్ జీవితం స్మరింపదగినది. ఆయన 1916లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో జన్మించాడు. 1936లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుంచి విద్యుత్ ఇంజనీరింగులోనూ, గణితంలోనూ పట్టాలు పొందాడు. ఆ తరువాత ఏం చేయాలో తోచని దశలో నోటీసు బోర్డుపై అంటించి ఉన్న ఒక పోస్టుకార్డు ఆయన కంటపడింది. ఎం.ఐ.టి.లో ఆచార్య వానెవర్ బుష్ నిర్మించిన డిఫరెన్షియల్ అనలైజర్ అనే గణనయంత్రాన్ని నడపడానికి పరిశోధన సహాయకుడు కావాలన్నది అందులోని ప్రకటన. షానన్ దరఖాస్తు చేశాడు, ఎంపికయ్యాడు. ఆ యంత్రాన్ని అదుపుచేసే వలయంలో దాదాపు వంద రిలేలు ఉండేవి. అవి టకటకమంటూ తెరుచుకోవడాన్నీ మూసుకోవడాన్నీ గమనిస్తున్న ఆ యువకునికి, తాను మిచిగన్‌లో తత్త్వశాస్త్ర పాఠంలో నేర్చుకున్న జార్జ్ బూల్ తర్కగణితం గుర్తుకు వచ్చింది. అవును, కాదు అనే రెండు విలువలతో నడిచే ఆ గణితమూ, తెరిచిన, మూసిన రిలేలూ ఒకటే కదా అనిపించింది. 1937లో ఆయన రాసిన మాస్టర్స్ సిద్ధాంతవ్యాసం డిజిటల్ వలయాల రూపకల్పనకు పునాది వేసింది. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసం సమాచార సిద్ధాంతానికి జన్మనిచ్చింది. ఇంజనీరు తత్త్వశాస్త్రం ఎందుకు చదవాలి అని ఆనాడు ఎవరైనా ఆయనను వారించి ఉంటే ఏమయ్యేదో! నేటి మన కళాశాలలలో అలా వారించేవారికి కొదవ లేదు.

షానన్ తెరచిన ఆ సమాచార సిద్ధాంతాన్నే అభ్యసించడానికి పుణే ఇంజనీరింగు కళాశాల నుంచి 1956లో పట్టభద్రుడైన థామస్ కైలాత్ ఎం.ఐ.టి.కి వెళ్లాడు. 1961లో డాక్టరేటు పొందాడు. విద్యుత్ ఇంజనీరింగులో ఎం.ఐ.టి. డాక్టరేటు పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో అధ్యాపకుడిగా చేరాడు. భారత నౌకాదళంలో అధికారిగా ఉంటూనే 1973లో ఢిల్లీ ఐ.ఐ.టి. నుంచి డాక్టరేటు పొందిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ తరువాతి కాలంలో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి కైలాత్ బృందంలో చేరాడు. ఒకటి కన్నా ఎక్కువ యాంటెన్నాలతో ఒకేసారి పలు సంకేతధారలను పంపే 'మైమో' పద్ధతిని ఆయన 1992లో ప్రతిపాదించాడు. నేటి వైఫై, 4జి, 5జి వ్యవస్థలలో అది అంతర్భాగం. ఒక గురువు దగ్గర మరొకరు చేరడం, ఆ చేరికలో నుంచి ఒక శాస్త్రశాఖ ఎదగడం అనే పరంపరను ఈ మూడు జీవితాలూ చూపుతాయి. తెలుగువారిలో నార్ల తాతారావు మరొక కోవకు చెందినవాడు. ఆయన అమెరికాలో ఉన్నత సాంకేతిక విద్యను అభ్యసించి తిరిగివచ్చి, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ మండలికి అధ్యక్షుడై పనిచేశాడు. విజయవాడ సమీపంలోని థర్మల్ విద్యుత్ కేంద్రం నేడు ఆయన పేరుతోనే ఉంది.

విద్యాలయాన్ని ఎన్నుకోవడం కూడా ప్రశ్ననుబట్టే జరగాలి. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతంలో గ్రిడ్ కుప్పకూలింది. రెండవ రోజున తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడా చీకటిలో మునిగాయి. దక్షిణాదికి ఆ ముప్పు తప్పింది. అప్పటికి మన దక్షిణ గ్రిడ్ తక్కిన దేశంతో ఏకకాలిక బంధంలో లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా అది దేశమంతటితో ఏకమైంది. లాభం పెరిగింది, ప్రమాదాన్ని పంచుకోవలసిన బాధ్యత కూడా వచ్చింది. ఇంత పెద్ద గ్రిడ్ నాడిని క్షణక్షణమూ కొలవడమెలా అన్నది ఒక విద్యార్థిని కలవరపెట్టిన ప్రశ్న అయితే, అతను చూడవలసినది పత్రికలు ప్రకటించే ర్యాంకుల జాబితా కాదు. గ్రిడ్‌లోని దూరప్రాంతాల వోల్టేజీలను ఒకే కాలమానంతో కొలిచే ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్ 1988లో రూపుదిద్దుకున్నది వర్జీనియా టెక్‌లో. మోటార్లు, పవర్ ఎలక్ట్రానిక్స్‌పై మక్కువ గలవారికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1981 నుంచి ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. ఈ పేర్లు మన బంధువర్గంలో ఎం.ఐ.టి.లాగా మారుమోగవు. పెళ్లిపందిట్లో చెప్పుకోవడానికి అంత పనికిరావు కూడా. చదువుకు మాత్రం పనికివస్తాయి.

సిఫారసు లేఖల విషయంలో నిష్ఠురమైనా ఒక నిజం చెప్పక తప్పదు. చాలాచోట్ల అధ్యాపకులు తీరిక లేక 'నువ్వే రాసుకురా, సంతకం చేస్తాను' అంటారు. విద్యార్థి మూడు లేఖలూ తానే రాసుకుంటాడు. 'కష్టపడే స్వభావం గలవాడు, సత్ప్రవర్తన గలవాడు, తరగతిలో మొదటి ఐదుగురిలో ఒకడు' అనే మాటలు మూడింటిలోనూ అటూ ఇటూగా అవే ఉంటాయి. ఏటా వందల లేఖలు చదివే ఆచార్యులకు ఒకే చేతిరాతను పోల్చుకోవడం కష్టం కాదు. మంచి లేఖ ఒక సంఘటనను చెబుతుంది. ప్రయోగశాలలో ఫలితం రానప్పుడు ఆ విద్యార్థి ఏం చేశాడు, అధ్యాపకుని పొరపాటును ఎలా ఎత్తిచూపాడు, ఎన్ని రోజులు పట్టువిడువక కూర్చున్నాడు – ఇవి దగ్గరి నుంచి చూసినవారు మాత్రమే చెప్పగలిగిన సంగతులు. అమెరికాలో 1974లో చేసిన చట్టం ప్రకారం చేరిన విద్యార్థికి తనకు సంబంధించిన రికార్డులను చూసే హక్కు ఉంది. సిఫారసు లేఖల విషయంలో ఆ హక్కును వదులుకుంటారా అని దరఖాస్తులోనే అడుగుతారు. వదులుకున్నవారి లేఖలకే విలువ ఎక్కువ. లేఖ రాసినవారు నిర్భయంగా రాశారనే నమ్మకం దానికి కారణం.

అటువంటి లేఖ కావాలంటే, అటువంటి పని ముందుగా జరిగి ఉండాలి. ఇంజనీరింగు రెండవ, మూడవ సంవత్సరాలలో ఒక అధ్యాపకుని దగ్గర చేరి నిజమైన పని చేయడం, మన దేశపు మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి నిర్వహించే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడం వంటివి అందుకు మార్గాలు. పేరులేని కళాశాల విద్యార్థి ఒక పేరున్న ప్రయోగశాలలో అడుగుపెట్టడానికి ఆ ఫెలోషిప్ చక్కని అవకాశం. పరిశోధన పత్రం ప్రచురించాలనే తొందరలో, డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికల వలలో పడడం మాత్రం ఆత్మహానికరం. చదివేవారికి ఆ పత్రికల పేర్లు తెలుసు.

ఉద్దేశపత్రాలను ఖరీదుకు రాసిపెట్టే కన్సల్టెన్సీలు నగరాలలో వీధికొకటి వెలిశాయి. ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాలలో ఆ పని చేసిపెడుతున్నది. నున్నగా, ఒడుదుడుకులు లేకుండా, ఎవరిదో తెలియకుండా ఉండడమే ఆ పత్రాల లక్షణం. ఆంగ్లంలో తప్పులు దిద్దించుకోవడం దోషం కాదు. తన ప్రశ్నను మరొకరి చేత అడిగించడం దోషం. సత్యకామ జాబాలి కథ తెలిసినవారికి దీని గంభీరత అర్థమవుతుంది. గోత్రం అడిగిన గురువుతో, తన గోత్రమేమిటో తల్లికి కూడా తెలియదని ఉన్నదున్నట్లు చెప్పిన ఆ బాలుణ్ణి, ఆ సత్యవాక్యాన్నే అర్హతగా భావించి గౌతముడు శిష్యునిగా స్వీకరించాడు. కల్పిత పత్రంతో చేరినవాడు ఒకవేళ పట్టుబడకపోయినా, తనది కాని ప్రశ్నతో ఐదేళ్లు గడపవలసి వస్తుంది. అది పట్టుబడడం కన్నా పెద్ద శిక్ష.

కాలక్రమం ఇలా ఉంటుంది. ఇంజనీరింగు చివరి సంవత్సరం ఆరంభంలో విద్యాలయాల ఎంపిక, ఆచార్యుల పరిశోధన పత్రాలు చదవడం జరగాలి. అమెరికా దరఖాస్తులలో అధికభాగానికి గడువు డిసెంబరు నెలలో ముగుస్తుంది. ఒక్కొక్కదానికి సుమారు వంద డాలర్ల రుసుము ఉంటుంది కనుక ఇరవై చోట్లకు పంపడం ధనవ్యయం మాత్రమే. అర్హులైనవారికి రుసుము మినహాయింపు ఇచ్చే విద్యాలయాలు కూడా ఉన్నాయి, అడగడానికి సంకోచించనక్కరలేదు. ఫలితాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. ఆర్థిక సహాయంతో వచ్చిన ఆహ్వానంపై ఏప్రిల్ 15వ తేదీ వరకు నిర్ణయం తీసుకోవడానికి విద్యార్థికి వ్యవధి ఉండాలని అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు ఒక అంగీకారానికి వచ్చాయి. ఆ లోగా తొందరపెట్టేవారికి లొంగనవసరం లేదు.

నిరాకరణ వచ్చినవారు తెలుసుకోవలసినది ఒకటుంది. ఆ ఏడాది ఆ ఆచార్యునికి పరిశోధన నిధులు మంజూరు కాకపోవచ్చు. ఆయన సెలవుపై ఉండవచ్చు. అదే ప్రశ్నపై పనిచేసే విద్యార్థి అప్పటికే ఆయన దగ్గర ఉండవచ్చు. ఈ కారణాలేవీ ఉత్తరంలో రాయరు. మరుసటి ఏడాది అదే చోట ప్రవేశం పొందినవారు ఉన్నారు.

ఎంపికైన తరువాత వీసా ప్రయత్నం. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ఏర్పడేదాకా తెలుగు విద్యార్థులు దీనికోసం చెన్నైకి ప్రయాణం చేసేవారు. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైన ఆ కార్యాలయం 2023లో నానక్‌రాంగూడకు మారింది. చిలుకూరు బాలాజీ ఆలయంలో ప్రదక్షిణలు చేసేవారి సంఖ్యనుబట్టి వీసాల కాలాన్ని లెక్కగట్టవచ్చని హైదరాబాదులో ఒక చమత్కారం ఉంది.

అక్కడికి చేరిన తరువాత కూడా ద్వారపండితులు విద్యార్థిని వదలరు. డాక్టరేటు అభ్యర్థిగా కొనసాగడానికి అర్హతా పరీక్ష ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విద్యుత్ విభాగంలో చాలాకాలంపాటు అది విచిత్రమైన రీతిలో సాగింది. విద్యార్థి పదిమంది ఆచార్యుల గదులకు ఒకరి తరువాత ఒకరి దగ్గరికి వెళ్లాలి. ఒక్కొక్కరు పది నిమిషాలకు అటూ ఇటూగా ప్రశ్నిస్తారు. ఒకరు కాంతి గురించి అడుగుతారు, మరొకరు సంభావ్యత గురించి, ఇంకొకరు ట్రాన్సిస్టర్ గురించి. కెపాసిటర్ల గురించి అడిగేవారూ ఉంటారు.